ఆ స్టాంపు కాగితంలో ప్రమాదం ఎక్కడుందంటే

ప్రశ్న: మా నాన్న గూడూరు దగ్గర పలుగురాయి పొడి మిల్లులో పద్నాలుగేళ్లు పనిచేశారు. నెలకు పదహారు వేలు చేతికిచ్చేవారు. 2022లో దగ్గు, ఆయాసం మొదలైతే క్షయ అని మందులిచ్చారు. 2023 జనవరి దాకా అలాగే పనికి వెళ్లారు. 2024 జులై 18న, యాభై ఏళ్లకే పోయారు. అమ్మ ఇంకా తేరుకోలేదు, కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక మాకు లేదు. ఎక్స్‌రేలు చూసినప్పుడల్లా ఏడుస్తోందని పారేశాం. ఓనరు రెండు లక్షలిస్తానంటున్నారు. అమ్మ సంతకం అడుగుతున్న కాగితం ఫొటో పంపుతున్నాను. తీసుకోమంటారా?

జవాబు: సంతకం పెట్టవద్దు.

‘ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయం’ అన్న చివరి వాక్యానికి మీరు భయపడుతున్నట్టున్నారు. దానికి విలువ లేదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం ప్రకారం పరిహార హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదు. మరణ పరిహారాన్ని కుటుంబం చేతిలో పెడితే చెల్లించినట్టు కూడా కాదు, ఈ కేసులు చూసే కార్మిక శాఖ అధికారి, అంటే కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలి. మిమ్మల్ని ముంచేవి పైనున్న రెండు వాక్యాలు: ఆయన 2019లోనే పని మానేశారు, క్షయతో చనిపోయారు. అవి ఊరికే రాసినవి కావు. పని మానేశాక బయటపడిన వృత్తి వ్యాధికి పరిహారం కావాలంటే, మానేసిన రెండేళ్లలోపు లక్షణాలు కనిపించాలి. లక్షణాలు 2022లో వచ్చాయి కాబట్టి 2019 అని ఒప్పుకుంటే కేసు అక్కడే పోతుంది. రాసినది ఎవరో గానీ చట్టం చదువుకునే రాశారు.

రాతి ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ ఆ చట్టం మూడో షెడ్యూల్‌లో ఉన్న వృత్తి వ్యాధి. నిర్ణీత కాలం ఆ పనిచేసిన మనిషికి ఆ జబ్బు వస్తే పని వల్లే వచ్చిందని చట్టం అనుకుంటుంది. కాదని ఓనరే రుజువు చేయాలి. కానీ జబ్బు సిలికోసిస్ అని మీరు చూపించాలి. ఎక్స్‌రేలు పారేయడం ఎంత తెలివితక్కువ పనో ఇప్పుడైనా అర్థమైందా? ఏడుపు ఆగాలంటే బీరువాలో దాచొచ్చు, చెత్తలో వేయక్కర్లేదు.

ఇంకా దారి ఉంది. చికిత్స చేసిన ఆసుపత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి కేస్ షీట్, ఎక్స్‌రే, స్కానింగ్ రిపోర్టుల కాపీలు తీసుకోండి. క్షయ మందులు ప్రభుత్వ కార్యక్రమం కింద వాడి ఉంటే క్షయ రోగుల ప్రభుత్వ రికార్డు ‘నిక్షయ్’లో కళ్లె పరీక్ష ఫలితాలు ఉండాలి. అవి నెగెటివ్ అయితే మీకు బలం. పాజిటివ్ అయినా కంగారు పడకండి, సిలికా ధూళి పేరుకున్న ఊపిరితిత్తులకు క్షయ తేలిగ్గా పడుతుంది, రెండూ కలిసి ఉండొచ్చు. ఈ కాగితాలన్నీ ఊపిరితిత్తుల నిపుణుడికి చూపించి, చేసిన పని వివరం చెప్పి, రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి.

జీతం చేతికిచ్చారు కాబట్టి అక్కడ పనిచేశారనేదానికీ సాక్ష్యం కావాలి. ఇప్పుడు మిల్లులో ఉన్నవాళ్లు నోరు విప్పరు, మానేసినవాళ్లను వెతకండి. వాళ్లలో ఎవరికైనా అదే ఆయాసం ఉంటే వాళ్ల ఎక్స్‌రేలూ పనికొస్తాయి. తనిఖీ రిపోర్టుల కోసం ఫ్యాక్టరీల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు వేయండి.

గడువు మరణించిన నాటి నుంచి రెండేళ్లు, అంటే 2026 జులై 18 లోపు దాఖలు చేయాలి. తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కు ఉంది గానీ, ‘అమ్మ తేరుకోలేదు’ అన్నదాని మీద ఆధారపడకండి. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చినా, మీ హక్కు పాత చట్టం కిందే పుట్టింది. ముందుగా ఆయనకు ఈఎస్ఐ ఉందేమో చూడండి. ఉంటే ఈ క్లెయిమ్ నిలవదు, ఆశ్రితుల పింఛను కోసం ఈఎస్ఐకే వెళ్లాలి.

లేకపోతే లెక్క ఇది: జీతం ఎంతైనా పరిమితి 15,000. అందులో సగం 7,500, దాన్ని యాభై ఏళ్ల వయసుకు చట్టం పెట్టిన గుణకం 153.09తో గుణించాలి. మొత్తం 11,48,175 రూపాయలు. ఆలస్యానికి 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఎగ్గొడితే సగం దాకా జరిమానా అదనం.

ఓనరుకు ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి, మీ ఊరి పరిధిలోని కార్మిక శాఖ అధికారి దగ్గర క్లెయిమ్ వేయండి. రెండు లక్షలు నిజంగా ఇవ్వాలని ఉంటే అక్కడే డిపాజిట్ చేయమనండి.