వీపు తీసేసిన జాకెట్టుకి బలం ఎక్కడి నుంచి?

పెళ్లి ముహూర్తాలు దగ్గర పడ్డాయంటే ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ డీప్ నెక్, బ్యాక్‌లెస్ జాకెట్ల మీదే ఉంటాయి. ఈసారి ఒక ఈత దుస్తుల ప్రశ్న కూడా కలిసింది. రెండింటి ఇబ్బందీ ఒకటే కాబట్టి పక్కపక్కనే ఇస్తున్నాం.

ఆడపడుచు పెళ్లికని వెనకంతా తెరిచి, కింద రెండంగుళాల పట్టీ మాత్రం ఉంచి జాకెట్టు కుట్టించుకున్నాను. లోపల కప్పులు పెట్టేశాం, బ్రా అక్కర్లేదమ్మా అన్నారు. తీరా వేసుకుంటే ముందు భాగం కిందికి దిగిపోతోంది, మెడ దగ్గర తెరుచుకుంటోంది. డోరీ బిగిస్తే మెడ వెనక కోసుకుపోతోంది. ఛాతీ 38, ఛాతీ కింద 33. ఏం చేయాలి? (విజయనగరం)

కింది పట్టీ లూజుగా ఉండి ఉంటుంది. ముందు అది చూసుకోండి. డోరీ విప్పేసి అద్దం ముందు నిలబడి రెండు చేతులూ పైకెత్తండి. పట్టీ పైకి జరిగిందంటే, లేదా దాని కింద రెండు వేళ్లు దూరాక కూడా ఇంకా జాగా మిగిలిందంటే, అది ఏమీ మోయడం లేదు.

బ్రాలో బరువులో ఎక్కువ భాగం మోసేది ఛాతీ కింద చుట్టూ తిరిగే పట్టీయే. భుజం మీది పట్టీల వాటా తక్కువ. మామూలు జాకెట్టులో ఆ పట్టీతో పాటు వీపు మీది బట్టంతా వెనక్కి లాగి పట్టుకుంటుంది. వీపు తీసేశాక ఆ లాగుడంతా మిగిలిన రెండంగుళాల మీదే పడాలి. డోరీ పని భుజాలు పక్కలకి జారకుండా చూడడం, అంతవరకే. పందిరి నిలబడేది రాటల మీద, పైన కట్టిన తాడు ఒరగకుండా ఆపుతుంది. ఆ తాడునే బిగించుకుంటూ పోతే మీకు జరిగినదే జరుగుతుంది: వెనక పట్టీ పైకి లేస్తుంది, ముందు భాగం అంత మేరా కిందికి దిగుతుంది.

పట్టీ కొలత ఇలా తీసుకోండి. టేపు ఛాతీ కింద నేలకి సమంగా పెట్టి, ఊపిరి పూర్తిగా వదిలి, గట్టిగా లాగి చదవండి. 33 అన్నచోట 32 వచ్చిందనుకుందాం. దానికి ఇంకో అరంగుళం తగ్గించి 31½ దగ్గర పట్టీ పూర్తవ్వాలి. టైలర్లు అలవాటుగా చుట్టుకొలతకి అంగుళమో రెండంగుళాలో వదులు కలుపుతారు. మిగతా జాకెట్టుకి అది సరే, ఈ పట్టీకి కలపకూడదని ముందే చెప్పాలి.

కుట్టేసిన జాకెట్టుకి లోపల బెల్టు వేయించడం అన్నిటికన్నా మంచి మార్గం. అంగుళం వెడల్పు, సాగని గ్రోగ్రెయిన్ రిబ్బన్ కావాలి. సన్నటి అడ్డగీతలతో గట్టిగా ఉంటుంది. గంటస్తంభం చుట్టుపక్కల లేసులు, బటన్లు అమ్మే షాపుల్లో అడిగి చూడండి. దొరక్కపోతే ప్యాంటు నడుం పట్టీలో వేసే కాన్వాసుని మడిచి కుట్టుకోవచ్చు. దాన్ని ఛాతీ కింద గీత మీద, లైనింగుకి లోపలివైపు, పక్క కుట్ల దగ్గరా, ఛాతీ మీదుగా నిలువునా దిగే ప్రిన్సెస్ కుట్ల దగ్గరా మాత్రమే నాలుగేసి చేతికుట్లతో పట్టించండి. పొడవునా మిషన్ కొట్టించొద్దు. కొడితే బెల్టు బిగినప్పుడల్లా పైబట్ట ముడతలు పడుతుంది. రెండు చివర్లూ రెండేసి అంగుళాలు వదిలేసి, వాటికి విడిగా రెండు హుక్కులు పెట్టండి. వేసుకునేటప్పుడు ముందు బెల్టు, తర్వాత జాకెట్టు హుక్కులు. అప్పుడు బరువు బెల్టు మీద ఉంటుంది, పైన పట్టుబట్ట తీరుగా నిలుస్తుంది, హుక్కులు పీక్కుపోవు.

మెడ దగ్గర తెరుచుకోవడానికి రెండు కారణాలు ఉంటాయి. ఒకటి డాట్ పాయింట్, అంటే ఛాతీ మొన వచ్చే చోటు. బ్రా వేసుకుని కొలతిచ్చి, బ్రా లేకుండా జాకెట్టు తొడిగితే ఛాతీ అంగుళం వరకూ కిందికి ఉంటుంది. కప్పు పైనెక్కడో ఖాళీగా మిగిలిపోతుంది. ఆ రోజు ఏది వేసుకుంటారో దానితోనే కొలతివ్వాలి. లోపల ఏమీ వేసుకోకపోతే, బెల్టు ఒక్కటే ముందు కట్టుకుని, రొమ్ముని చేత్తో సర్దుకుని, భుజం నుంచి పాయింట్ వరకూ కొలవండి. రెండోది క్రాస్ కట్. క్రాస్ మీద కోసిన ముందు భాగం మామూలు జాకెట్టులో ఒంటికి చక్కగా అతుక్కుంటుంది. బ్యాక్‌లెస్‌కి మాత్రం పనికిరాదు. బరువు పడేకొద్దీ ఏటవాలు పోగు సాగుతుంది, రెండు గంటలకే మెడ వేలాడుతుంది. దీనికి ప్రిన్సెస్ కట్, నిలువు పోగు, లైనింగు ముందే తడిపి ఆరబెట్టిన టూ బై టూ నూలు బట్ట. ఇందులో బేరం లేదు.

షాపుల్లో దొరికే ఫోమ్ కప్పులు ఆకారాన్నిస్తాయి, కప్పుతాయి, మోయవు. వాటిని లైనింగుకే పట్టించాలి, పైబట్టకి కాదు. ఛాతీ 36 దాటినవారు పక్క కుట్లలో చంక నుంచి కింది అంచు దాకా, ప్రిన్సెస్ కుట్టులో కింది అంచు నుంచి ఛాతీ మొదలయ్యే చోటు దాకా, మిషన్ సూది దిగే ప్లాస్టిక్ బోనింగు (బట్టని నిటారుగా నిలిపే బిరుసు పట్టీ) వేయించుకుంటే బట్ట ముడుచుకుని కిందికి జారదు. బోనింగు రెండు చివర్లా కుట్టుకి పావంగుళం లోపలే ఆగాలి. కోసిన మొనని అగ్గిపుల్లతో కాస్త కరిగించి గుండ్రం చేసి, పైన గుడ్డ చుట్టాలి. ఈ చిన్న పని మానేస్తేనే తాంబూలాల వేళకి చంకలో గుచ్చుకోవడం మొదలవుతుంది.

వెనక తెరిచిన అంచు లేచిపోతుంటే, పైపింగు వేసేటప్పుడు లోపల సన్నటి నిలువుపోగు గుడ్డ పట్టీని అంచు పొడవుకన్నా అరంగుళం తక్కువగా పెట్టి, అంచుని దానికి సర్దుతూ కుట్టాలి. డోరీ భుజం కుట్టు నుంచి రెండు మూడంగుళాల కింద ఉండాలి. బరువైన లట్కన్లు వేలాడదీస్తే అవీ వెనక్కి లాగుతాయి, తేలికవి చూసుకోండి.

సిలికాన్ స్టిక్ ఆన్ కప్పులు కొన్నాను. మేలో పెళ్లి, భోజనాల వేళకి ఒకటి ఊడిపోయింది. చర్మం కూడా ఎర్రబడింది. వేరే కంపెనీది కొనాలా? (శ్రీకాకుళం)

కంపెనీ మార్చి లాభం లేదు. మన సముద్రపు గాలికి మేలో నీడన కూర్చున్నా చెమట ఆగదు, దానికి హోమం పొగ, జనం తోడు. చెమట పట్టిన చర్మానికి జిగురు పట్టదు. పైగా అవి చిన్న ఛాతీని దగ్గరకి చేర్చి చూపించడానికి తయారైనవి. బరువు ఎక్కువైతే కప్పు తన బరువుతో పాటు మీ బరువూ లాగి కిందికి వస్తుంది.

తప్పదంటే గుడ్డ బాడీ టేపు మేలు. ముందురోజు చేయి లోపలివైపు చిన్న ముక్క అంటించి దురదా మంటా లేవని చూసుకోండి. ఆ రోజు ఒంటికి నూనె, లోషన్, పౌడరు ఏవీ రాయకండి. స్నానమయ్యాక ఫ్యాను కింద బాగా ఆరనివ్వండి. చనుమొనల మీద ముందు దూదో పలచటి గుడ్డ ముక్కో పెట్టాలి. టేపు కింది నుంచి మొదలుపెట్టి భుజం వైపు ఎత్తాలి. మొదటి రెండంగుళాలూ చివరి రెండంగుళాలూ లాగకుండా ఊరికే అంటించి, మధ్యలోనే లాగండి. చివర లాగి అంటిస్తే అక్కడే చర్మం పొక్కుతుంది. ఎక్కువమందికి దెబ్బ తగిలేది ఇక్కడే. తీసేటప్పుడు కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగి, చర్మాన్ని వేలితో నొక్కి పట్టి మెల్లగా ఒలవండి. పాలిచ్చే తల్లులు, చర్మం మీద పుండో పొక్కులో ఉన్నవారు జోలికి పోవద్దు. పార్సిల్ టేపు వాడానని ఒకరు రాశారు, దయచేసి వద్దు.

బ్రా పట్టీని వెనక నుంచి కిందికి దించి పొట్ట చుట్టూ కట్టుకునే కన్వర్టర్ స్ట్రాప్ పనిచేస్తుందా? (బొబ్బిలి)

పనిచేస్తుంది, కానీ చీర మీద కాదు. ఆ స్ట్రాప్ వీపు కింది భాగం నుంచి పొట్ట మీదికి వచ్చి హుక్ అవుతుంది, మన కట్టులో అదే కనబడే చోటు. గౌనుకీ, నడుం కప్పే లాంగ్ ఫ్రాకుకీ భేషుగ్గా ఉంటుంది. కనబడదని అమ్మే ప్లాస్టిక్ పట్టీల సంగతీ అడిగారు. ఫోటో ఫ్లాష్‌కి మెరుస్తాయి, చెమటకి చర్మంలో దిగబడతాయి. అంతకన్నా చర్మం రంగుకి దగ్గరి గుడ్డ పట్టీ నయం.

పొందూరు ఖద్దరు మీద మోజు. దానితో బ్యాక్‌లెస్ జాకెట్టు కుట్టొచ్చా? (పొందూరు)

కుట్టొచ్చు, కానీ దాని మీద బరువు పెట్టకూడదు. చేత్తో వడికిన సన్నని నూలు అది. కుట్టు దగ్గర గట్టిగా లాగితే బట్ట చిరగకముందే పోగులు పక్కకి జరిగి సందులు పడతాయి. అందుకని లైనింగునే అసలు జాకెట్టుగా కుట్టించండి. బెల్టు, బోనింగు, హుక్కులు, కాజాలు అన్నీ లైనింగు మీదే. ఖద్దరుని ఆ పైన కొంచెం వదులుగా పరిచి అంచుల దగ్గర కలపాలి. కుట్టు లోపల ముప్పావంగుళం బట్ట వదలండి. కోసే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి నీడన ఆరబెట్టడం మరవకండి, లేకపోతే మొదటి ఉతుకుకే కుదించుకుపోతుంది.

ఒకవైపు పెద్దగా, ఒకవైపు చిన్నగా ఉంది. టైలరుతో చెప్పడానికి సిగ్గు. (పలాస)

చాలామందికి కొంత తేడా ఉంటుంది. పెద్దవైపు కొలతకే రెండు వైపులా కోయించి, చిన్నవైపు కప్పు వెనక పలచటి ఫోమ్ పొర ఒకటి అదనంగా పెట్టించండి. ఈమధ్యే కొత్తగా తేడా వచ్చిందనిపిస్తే మాత్రం టైలరు కన్నా ముందు డాక్టరుకి చూపించుకోవాలి.

మా అమ్మాయి ఈత నేర్చుకుంటోంది, నేనూ చేరాలనుకుంటున్నాను. మోకాళ్ల దాకా ఉండే ఈత డ్రస్సు వీపు కొంచెం తెరిచి ఇంట్లో కుట్టుకోవాలని. లెగ్గింగ్ బట్ట చాలా? ఛాతీకి ఆసరా ఎలా? చింతపల్లి బీచ్‌కీ వేసుకోవాలి. (భోగాపురం)

లెగ్గింగ్ బట్ట వద్దు. కాటన్ లైక్రా నీళ్లు పీల్చుకుని బరువెక్కి కిందికి సాగుతుంది, ఛాతీని కూడా తనతో దించుతుంది. నైలాన్‌లో స్పాండెక్స్ అనే సాగే పోగు 18, 20 శాతం కలిసిన ఈత బట్టే తీసుకోండి. రోజూ క్లోరిన్ కొలనులో దిగేవారికి పాలిస్టర్, పీబీటీ (అదీ ఒక రకం పాలిస్టరే) కలిపిన బట్ట ఎక్కువకాలం మన్నుతుంది. క్లోరిన్ తినేసేది స్పాండెక్స్‌నే.

జాకెట్టులో ఆసరా అడ్డంగా చుట్టూ తిరుగుతుంది. ఒకే ముక్కగా ఉండే ఈత డ్రస్సులో నిలువు లాగుడు కూడా కలుస్తుంది. కాబట్టి ముఖ్యమైన కొలత ఇది: భుజం మధ్య నుంచి ఛాతీ పాయింట్ మీదుగా, కాళ్ల మధ్య నుంచి, వెనకగా మళ్లీ అదే భుజానికి. ఈ చుట్టు వదులైతే ఛాతీ జారుతుంది, మరీ బిగువైతే భుజాలు కోసుకుంటాయి. బట్ట బాగా సాగేదైతే అడ్డంగా ఒంటి కొలతకన్నా నూటికి పది, నిలువుగా ఐదు తగ్గించి మొదలుపెట్టండి.

లోపల షెల్ఫు, అంటే ఛాతీని మోసే లోపలి పొర, కుట్టాలి. పవర్ నెట్‌ని (గట్టిగా సాగే వల బట్ట) ముందు భాగం ఆకారంలోనే మెడ నుంచి ఛాతీ కింద అంగుళం వరకూ కోయండి. దాని కింది అంచుకి అంగుళం వెడల్పు ఈత ఎలాస్టిక్ వేయాలి. పక్క కుట్టు నుంచి పక్క కుట్టుకి ముందువైపు 17 అంగుళాలుంటే ఎలాస్టిక్ 15¼ చాలు. వీపు లోతు ఆ ఎలాస్టిక్ గీతకి పైనే ఆగితే, ఎలాస్టిక్‌ని వెనక భాగం లోపల నుంచి కూడా చుట్టూ తిప్పేయండి, దాని అంత బలం ఇంకోటి ఇవ్వదు. ఇంకా కిందికి తెరవాలంటే ముందు లాగుడుకి పక్క కుట్లు ముందుకి వచ్చేస్తాయి. అప్పుడు అంగుళం వెడల్పు పట్టీలు రెండు వీపు మీద గుణకారం గుర్తులా దాటించి, చివర్లని పక్క కుట్లలో షెల్ఫు ఎలాస్టిక్ కలిసే చోటే కుట్టాలి. మెడ వెనక ముడేసుకునే హాల్టర్ చింతపల్లి అలలకి ఆగదు. తడి ముడి జారుతుంది, జారకపోయినా బరువంతా మెడ నరాల మీదే.

వీపు అంచుకి వేసే సన్న ఎలాస్టిక్‌ని అంచు పొడవుకి పదోవంతు తగ్గించండి. ముందు మెడకి తగ్గించనక్కర్లేదు, తగ్గిస్తే ఛాతీని నొక్కేస్తుంది. స్ట్రెచ్ సూది 75/11, పాలిస్టర్ దారం, జిగ్‌జాగ్ కుట్టు. మామూలు తిన్నని కుట్టు వేస్తే మొదటిసారి వంగినప్పుడే టప్‌మని తెగుతుంది. జిగ్‌జాగ్ లేని మిషనైతే ఆ కుట్ల వరకూ బయట వేయించుకోండి. కప్పులు కావాలంటే పలచగా, చిల్లులున్నవి, షెల్ఫుకి సంచిలా కుట్టి అందులో పెట్టండి. మందం ఫోమ్‌లో నీళ్లు నిండి ఒడ్డుకి వచ్చాక పది నిమిషాలు కారుతూనే ఉంటాయి.

ఎలాస్టిక్ ఖాయం చేసేముందు కచ్చా కుట్టు వేసి తొడుక్కుని చేతులెత్తండి, గుంజీళ్లు తీయండి, నాలుగు గెంతులు గెంతండి, తర్వాత షవర్ కింద తడిసి మళ్లీ అదే చేయండి. పొడిగా సరిపోయింది తడిస్తే దిగుతుంది. దిగిన మేర భుజం దగ్గర తగ్గించుకోండి.

కొలనులో దిగేముందు డ్రస్సుని మంచినీళ్లతో తడిపితే క్లోరిన్ నీళ్లు తక్కువ పీలుస్తుంది. వచ్చాక వెంటనే మంచినీళ్లలో జాడించి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, నీడన ఆరేయండి. వేడినీళ్లు, సర్ఫు, ఎండ మూడూ వద్దు. షెల్ఫు ఎలాస్టిక్‌ని లాగి వదిలినప్పుడు మెల్లగా వెనక్కి వస్తోందంటే ఆ ఒక్కటీ విప్పి కొత్తది వేయండి, బట్ట బాగుంటే డ్రస్సంతా పారేయనక్కర్లేదు.