డబ్బా సంగతి సరే, జనం సంగతేమిటి?

టి.నగర్, చెన్నై

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. తారల బ్లాగుల మీద వేసిన చురకలు బాగానే పేలాయి. కానీ మొదటి పేరాకే నీ తీర్పు తెలిసిపోయింది: వాళ్లు సొంత డబ్బా కొట్టుకుంటారు, వెర్రిజనం చప్పట్లు కొడతారు. ఈ మాటకు వ్యాసం ఎందుకు? పాండీబజార్‌లో ఎవర్ని కదిపినా చెబుతారు.

డబ్బా కొత్తదేం కాదు. 1958లోనే ఈ ఊళ్లో ఫిల్మ్ న్యూస్ ఆనందన్ ఎంజీఆర్ సినిమాకి పీఆర్వోగా, అంటే ప్రచారం చూసుకునే మనిషిగా పనిచేశాడు. వడపళనిలో వాహినీ స్టూడియో వెలిగిన కాలంలో మన తారల గొప్పలు కూడా పత్రికల ద్వారానే బయటికొచ్చేవి. "ఆయనెంత నిరాడంబరులో!" అని వేరెవరో రాసేవారు. బ్లాగులొచ్చాక ఆ మధ్యమనిషి తప్పుకున్నాడు. దాంతో గొప్పలే కాదు, వడపోతలో ఆగిపోవలసిన కోపాలూ అక్కసులూ నేరుగా జనం ముందు పడ్డాయి. నీ వ్యాసంలో లేనిదల్లా ఇదే.

2008 మే నెల తీసుకో. షారుఖ్ తన కాళ్లు నాకుతున్నాడని ఆమిర్ ఖాన్ బ్లాగులో రాశాడు. ఆ షారుఖ్ ఒక కుక్క, ఆ పేరు తను పెట్టింది కాదు అని కూడా అందులోనే చెప్పాడు. అయినా గగ్గోలు పుట్టింది, క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. తన నటనను తానే ఆకాశానికెత్తుకుని ఉంటే ఆ గోలలో పదో వంతైనా ఉండేదా? నాకైతే నమ్మకం లేదు. గొప్పలు చెప్పుకుంటే జనం నవ్వి ఊరుకుంటారు. పక్కవాణ్ణి గిల్లితేనే లేచి నిలబడతారు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అమితాబ్ బచ్చన్ మొదలుపెట్టాడు. రోజుకో అంకె వేసుకుంటూ రాస్తూనే ఉన్నాడు, పాఠకుల్ని తన కుటుంబమంటాడు. ఆ పేజీ తెరిచేవాళ్లలో చాలామందికి కొత్త విశేషం అక్కర్లేదనుకుంటా, పెద్దాయన ఇవాళ కూడా పలకరించాడా లేదా అన్నదే. మన రామ్‌గోపాల్ వర్మ దారి వేరు. తిట్టినవాళ్లకు కూడా కూర్చుని జవాబులు రాసేవాడు. ఆ పోట్లాట చూడ్డానికే వెళ్లినవాళ్లు నాకు తెలుసు. (వాళ్లలో నేనూ ఉన్నాను.)

ఇక చెప్పు, వీళ్లందర్నీ కలిపి "వెర్రిజనం" అంటే సరిపోతుందా? తిట్టేవాడు చివరి వాక్యం దాకా చదువుతాడు, పొగిడేవాడు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతాడు. ఎందుకో కనుక్కో. మీ ఆఫీసులో ఒక వీరాభిమాని ఉన్నాడన్నావుగా, వాడితో టీ తాగు. వాదించకు, వాడు చెప్పింది విను. తర్వాత ఒకే ఒక్క పోస్టు, దానికి వచ్చిన జవాబులు ముందు పెట్టుకుని మళ్లీ రాయి. విశేషణాలు సగం కొట్టెయ్.

అన్నట్టు, వ్యాసం కింద నీ గురించి నువ్వు రాసుకున్న పరిచయం ఎనిమిది లైన్లుంది. రెండు చాలు.