డీజే దగ్గర నిలబడ్డాక చెవిలో గుయ్యిమంటోంది: బాస్‌ వల్లేనా?

డీజే బండి దగ్గర నిలబడ్డాక చెవిలో రొద మొదలైందని, ఫోన్‌ యాప్‌ 88 డెసిబెల్స్‌ చూపిందని, చెవిలో ఫోమ్‌ ప్లగ్స్‌ (మెత్తటి స్పాంజి బిరడాలు) పెట్టుకున్నా లాభం లేకపోయిందని అడిగారు. గుండెలదిరిన బాస్‌నే (దడదడలాడించే లోతైన శబ్దాన్నే) మీరు అనుమానిస్తున్నారు గానీ, ఆ రొదకు అసలు కారణం చాలావరకు అదే బండి మీదున్న హార్న్‌ స్పీకర్ల కీచు శబ్దం. డెసిబెల్స్‌ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) సమానంగా ఉంటే 2000–5000 హెర్ట్జ్‌ (ఈ అంకె పెరిగేకొద్దీ శబ్దం కీచుగా ఉంటుంది) శబ్దమే చెవికి ఎక్కువ చేటు. చెవి గొట్టం ఆకారమే దాన్ని ఇంకా పెంచి లోపలికి పంపుతుంది. అందుకే శబ్దం వల్ల వచ్చే వినికిడి లోపం సాధారణంగా ముందు 4000 హెర్ట్జ్‌ చుట్టుపక్కల బయటపడుతుంది.

అలాగని బాస్‌ ఏమీ చేయదని కాదు. మితిమీరితే అదీ దెబ్బతీస్తుంది.

1. ఫోన్‌ యాప్‌ 88 చూపిందన్నారు. అది ‘ఎ’ వెయిటింగ్‌ (చెవికి వినపడే తీరును బట్టి శబ్దాన్ని లెక్కేసే పద్ధతి) అయితే 50 హెర్ట్జ్‌ బాస్‌ను దాదాపు 30 డెసిబెల్స్‌ తగ్గించి లెక్కేస్తుంది. బాస్‌ను పెద్దగా తగ్గించని ‘సి’ వెయిటింగ్‌కి మార్చి చూడండి.

2. ఎంతసేపు వినొచ్చో మాత్రం ‘ఎ’ అంకెతోనే చూడాలి: ‘ఎ’లో 85 డెసిబెల్స్‌ అయితే రోజుకు 8 గంటలు, 100 అయితే 15 నిమిషాలే హద్దు.

3. ఫోమ్‌ ప్లగ్స్‌ పెట్టుకున్నా లాభం లేదన్నారు కదా, చాలామంది తప్పేది ఇక్కడే. ముందు ప్లగ్‌ను వేళ్లతో సన్నగా, మడతల్లేకుండా నలపాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి తోయాలి. అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. పైపైన పెడితే బాస్‌ దాదాపు అలాగే లోపలికి వచ్చేస్తుంది. సరిగ్గా పెట్టినా ఛాతీలో అదురు మాత్రం తెలుస్తుంది, కంగారు పడకండి.

4. రేపటికీ రొద తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి. ఒక చెవి ఉన్నట్టుండి మందగిస్తే మాత్రం ఈరోజే వెళ్లండి, దయచేసి ఆలస్యం చేయకండి.