ఒక రాత్రి సోడాకి వదిలెయ్

అనంతపురం

పాపా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. మీ అత్తగారు ఇచ్చిన ఓటీజీ, అదే ఆ చిన్న కరెంటు ఓవెన్, లోపల గోడలకు లక్క పూసినట్టుంది. నువ్వు సబ్బుతో తోమి తోమి చేతులు నొప్పి పెట్టుకున్నావంటే ఆశ్చర్యం లేదు. చికెన్ కాల్చినప్పుడు చిట్లిన నూనెను తుడవకుండా మళ్లీ మళ్లీ వేడి చేస్తే అది వార్నిష్ మాదిరి గట్టిపడిపోతుంది. దాన్ని నానబెట్టాలి, గీకకూడదు.

ఇనుప పీచు జోలికి పోవద్దు. గీతలు పడతాయి, ఆ గీతల్లో జిడ్డు ఇంకా పట్టుకుంటుంది. బజార్లో దొరికే స్ప్రేలు కూడా నాకు నచ్చవు. చాలావాటిలో కాస్టిక్ సోడా ఉంటుంది, చిన్న వంటింట్లో ఆ ఘాటుకు కళ్లు మండుతాయి.

సాయంత్రం ప్లగ్ పీకి, పూర్తిగా చల్లారనీ. అరకప్పు వంటసోడాలో మూడు పెద్ద చెంచాల నీళ్లు పోసి గట్టి చట్నీలా కలుపు. పాత బ్రష్‌తో గోడలకు, అద్దానికి పూయి. రాడ్లకు మాత్రం తగలనివ్వొద్దు. గోడలు పూత లేని మెరిసే రేకువైతే ముందు ఒక మూల పూసి, అరగంట తర్వాత రంగు మారిందేమో చూడు. అల్యూమినియం ట్రేకి అసలు వద్దు. నేనొకసారి పూసి పొద్దున చూస్తే ట్రే నల్లబడిపోయింది, ఇప్పటికీ అలాగే ఉంది. ట్రేలు, జాలీ వేడి సబ్బు నీళ్లలో నానేస్తే చాలు.

పొద్దునకి సోడా గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. తడిగుడ్డతో తుడువు, మొండి చోట పాత ఏటీఎం కార్డు అంచుతో తోయి. మిగిలిన తెల్లపొడి మీద వెనిగర్ చల్లితే బుసబుస పొంగి వచ్చేస్తుంది. రెండూ ముందే కలిపేవాళ్లున్నారు. నురగ చూసి మురిసిపోవడమే, ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి.

చివరి తుడుపు మన బోరు నీళ్లతో వద్దు, ఆరాక తెల్లచారలు పడతాయి. క్యాన్ నీళ్లు వాడు. బాగా ఆరాక కిటికీ తెరిచి, ఖాళీగా 200 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు వేడి చెయ్, వాసన పోతుంది.

ఇంకా మరకలుంటే మర్నాడు రాత్రి మళ్లీ పూయి. రెండోసారికీ పోని నీడలాంటి మచ్చని వదిలెయ్, వంటకేం కాదు. శెనక్కాయలు పంపిస్తున్నా, మొదట వాటినే వేయించు.

మీ పెద్దమ్మ