అమ్మడూ, మేం చెప్పే నాలుగు ఉద్యోగాలే లోకం కాదు

అమ్మడూ,

మొన్న ఫోన్‌లో "మీరంతా ఏది చెప్తే అదే చేస్తాను మావయ్యా" అన్నావు చూడు, మీ అత్త మురిసిపోయింది గానీ నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు. మేం చెప్పేవి ఎన్ని, బ్యాంకు, టీచరు, రైల్వే, కాదంటే ఇక్కడి పేపరుమిల్లు. ఒడిశాలో ఈ రాయగడలో ముప్పయ్యేళ్లు కౌంటర్లో కూర్చున్నోడికి ఇంకేటి తెలుస్తాది?

డోనాల్డ్ సూపర్ అని అమెరికాలో ఒకాయన ఈ కెరీర్ల సంగతే చదివి 15 నుంచి 24 దాకా వెతుక్కునే వయసన్నాడు, నీకిప్పుడు 19. వెతకడమంటే నీకేది పడుతుందో చూసుకోవడం ఒకటి, బయట ఏమేం పనులున్నాయో చూడటం ఒకటి. మనిళ్లల్లో రెండూ చెయ్యం, ప్లస్‌టూ రిజల్ట్ రాగానే సీటు మాటే. నేను నీ వయసులో ఊళ్లో రేడియోలన్నీ విప్పి బాగుచేసేవాణ్ణి, అయినా ఐటీఐ ఎక్కడుందో కూడా ఎవర్నీ అడగలేదు, నాన్న ఏమనుకుంటారోనని.

నువ్వు మాటలు తక్కువ మనిషివి, బరంపురంలో ప్లేస్‌మెంట్ మీటింగంటే వెనక బెంచీలో కూర్చుని వచ్చేసే రకం. పర్లేదు. కలుపుగోలు పిల్లలు ఒక్క రోజులో పదిమందిని అడిగేస్తారు, నువ్వు వారానికొకళ్లని అడుగు, మెసేజ్ పెట్టు, మొహం చూడక్కర్లేదు కదా. "ఉద్యోగం ఉందా" అని కాదు, "పొద్దున్న వెళ్లగానే ఏం చేస్తారు, దేనికి విసుగొస్తాది" అనడుగు. దామన్‌జోడిలో నాల్కో అల్యూమినియం కంపెనీలో మీ బాబాయి ఉన్నాడు కదా, కెమిస్ట్రీ చదివినోళ్లు అక్కడ ల్యాబులో ఏం చేస్తారో ఆయన్నడుగు.

ఇక మీ నాన్న. "నా ఇష్టం" అన్నావో బావ ఇంక వినడు. ఫీజెంత, హాస్టలెక్కడ, ఆ చదువు చదివిన ఇద్దరు ఇప్పుడేం చేస్తున్నారు, ఇవన్నీ కాయితం మీద రాసుకుని ముందు నాన్నమ్మకి చూపించు, ఆవిడ ఊ అంటే సగం పనైనట్టే.

మర్చిపోయాను, ఒడిశా గవర్నమెంటు ఉద్యోగమైతే ఒడియా చదవడం రాయడం రావాలి, ఏడో క్లాసు స్థాయి ఒడియా పాసైన కాయితం అడుగుతారు, బజార్లో మాటాడేస్తాం కదా అంటే చాలదు. మన తెలుగు మీడియం పిల్లలు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు, నీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి చూడు.

దసరాకి వచ్చేలోపు ముగ్గుర్ని అడిగి రా. బాబాయి నంబరు మీ అత్త వాట్సాప్‌లో పెడతాది, ఫోన్ మాత్రం నువ్వే చెయ్యాలి, నేను ముందుగా చెప్పి ఉంచను.

మావయ్య