ఉన్న రికార్డునే మళ్లీ ఎందుకు కొంటాం?

ఒకే లైవ్ జాజ్ ఆల్బమ్ రీఇష్యూ అయిన (అంటే మళ్లీ విడుదలైన) ప్రతిసారీ మళ్లీ ఎందుకు కొంటారు, ఫోన్లో అంతా దొరుకుతుంటే డబ్బు దండగ కాదా అని అడిగారు. దండగే. మా ఇంట్లో ఈ వాదన ఇరవయ్యేళ్లకు పైగా నడుస్తోంది, నేను ఒక్కసారీ గెలవలేదు. అయినా ఎందుకు కొంటానో చెప్పాలంటే 1998 నవంబరుకి వెళ్లాలి.

అప్పటికి నేను న్యూజెర్సీ వచ్చి నాలుగు నెలలు. 2000 వస్తే కంప్యూటర్లు తికమకపడతాయన్న వైటూకే భయం పుణ్యమా అని, కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష వచ్చినవాడికల్లా వీసా దొరికిన రోజులు. ఎడిసన్‌లో కన్సల్టెన్సీ వాళ్ల గెస్ట్‌హౌస్‌లో ఆరుగురం సర్దుకునేవాళ్లం. నాకు తెలిసిన సంగీతమంతా తెనాలిలో మా ఇంటి రేడియో, ఇళయరాజా క్యాసెట్లు, శ్రీరామనవమి పందిట్లో విన్న కచేరీలు. ఆఫీసులో నా పక్క సీటాయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్న పెద్దాయన. వాళ్లావిడకు ఒంట్లో బాగోక ఒక టికెట్టు మిగిలిందని నన్ను రమ్మన్నాడు. శనివారం రాత్రి వండుకోవాల్సిన వంతు నాదే, అది తప్పుతుందని వెళ్లాను. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

న్యూవార్క్‌లో న్యూజెర్సీ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ సెంటర్. తెరిచి ఏడాదే అయింది, ఇంకా కొత్త కుర్చీల వాసన. పియానో కీత్ జారెట్, బేస్ గ్యారీ పీకాక్, డ్రమ్స్ జాక్ డిజానెట్. ముగ్గురి పేర్లూ నాకు అదే మొదటిసారి వినడం. జారెట్ 1996 నుంచి క్రానిక్ ఫటీగ్ అనే తీరని నీరసం జబ్బుతో ఇల్లు కదల్లేదనీ, ఈ ముగ్గురూ కలిసి వాయించి రెండేళ్లయిందనీ, మళ్లీ వాయించగలడో లేదో చూసుకోవడానికే ఇంటికి దగ్గర్లో ఉన్న ఈ ఊరు ఎంచుకున్నాడనీ నాకేం తెలుసు! జనం అంత బిగుసుకుపోయి కూర్చున్నారేమిటా అనుకున్నాను.

నా బాధ వేరే. అమెరికాలో మొదటి చలి, ముక్కు కారుతోంది, గొంతు గరగర. కారులో నేను దగ్గడం విని పెద్దాయన గుప్పెడు బిళ్లలు చేతిలో పోశాడు. "ఈయన దగ్గు సహించడు, కచేరీ ఆపి మరీ మాట్లాడతాడు" అన్నాడు. అది చాలదూ, గొంతులో దురద మొదలవ్వడానికి?

జారెట్ వాయిస్తూ వాయిస్తూ లేచి నిలబడతాడు, మూలుగుతాడు. కడుపునొప్పేమో పాపం అనుకున్నాను. కాసేపయ్యాక, వీణ వాయించేవాళ్లలో కొందరు లోలోపల పాడుకున్నట్టు ఈయనా తను వాయించబోయేది పాడుకుంటున్నాడని అర్థమైంది. ఆ తర్వాత ఇబ్బంది పడలేదు. రెండో సగంలో ఒక పాట మాత్రం నాకు తెలిసిందే వచ్చింది. "శాంటా క్లాజ్ ఈజ్ కమింగ్ టు టౌన్"! షాపింగ్ మాల్‌లో అప్పటికే మోగించేస్తున్నారు దాన్ని. ఇంత గంభీరమైన మనుషులు నవంబరు మధ్యలో ఈ పిల్లల పాట ఎత్తుకోవడమేమిటని నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే దగ్గొచ్చింది. ఒక్కటే, కర్చీఫ్‌లోకి. పియానో ఆగలేదు. బతికిపోయాను.

గెస్ట్‌హౌస్‌కి వచ్చి చెబితే ఎవడూ నమ్మలేదు. మా ఆరుగురిలో కాస్తో కూస్తో జాజ్ విన్న విశాఖపట్నం కుర్రాడు, "జారెట్ శాంటా క్లాజ్ వాయించాడా? జలుబు మందు ఎక్కువైనట్టుంది" అన్నాడు. తర్వాత ఎక్కడ కలిసినా ఆ మాటే.

రీఇష్యూల సంగతి నాకు అంటించింది మాత్రం పెద్దాయనే. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు, 1956 జులై 7 రాత్రి, రోడ్ ఐలండ్‌లో న్యూపోర్ట్ ఉత్సవంలో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందాన్ని ముందు వరసల్లో కూర్చుని విన్నాడట. ఆ రాత్రి శాక్సఫోన్ వాయించే పాల్ గొన్సాల్వెజ్ బ్లూస్ అనే పన్నెండు తాళ కొలతల చుట్టుని ఆపకుండా 27 సార్లు తిప్పి వాయించాడు. జనం కుర్చీలెక్కి గంతులేశారు. తెరమరుగవుతున్నాడనుకున్న ఎల్లింగ్టన్ ఆ దెబ్బతో మళ్లీ పైకి లేచాడు. కొలంబియా రికార్డుల కంపెనీ ఆ ఏడాదే దాన్ని ఎల్పీగా, అంటే పెద్ద గ్రామఫోన్ రికార్డుగా, వేసింది. పెద్దాయన ఆ ఎల్పీ కొని పెట్టుకుంటే శాక్సఫోన్ ఎక్కడో పక్కింట్లో వాయిస్తున్నట్టుంది. తన చెవుల్లో ఉన్నది మాత్రం మొహమ్మీదకు వచ్చిపడిన శబ్దం. జ్ఞాపకం పెంచుకున్నదేమోలే అని నలభై ఏళ్లు సరిపెట్టుకున్నాడు.

జరిగిందేమిటంటే, వేదిక మీద రెండు మైకుల వ్యవస్థలున్నాయి, ఒకటి కొలంబియాది, ఒకటి వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోది. గొన్సాల్వెజ్ పొరపాటున రేడియోవాళ్ల మైకులోకి వాయించాడు. పైగా ఎల్లింగ్టన్‌కి కొన్ని భాగాలు నచ్చక రెండు రోజుల తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి, చప్పట్లు అతికించారు. లైవ్ అని అమ్మిన ఆ ఎల్పీలో చాలా భాగం లైవ్ కాదు! 1999లో ఫిల్ షాప్ అనే ఆయన రేడియోవాళ్ల టేపునీ కొలంబియా టేపునీ జత చేసి, ఒకటి ఎడమ చెవికి, ఒకటి కుడి చెవికి వచ్చేలా అసలు కచేరీ మొత్తాన్ని రెండు సీడీల్లో వేయించాడు. విడిగా చూస్తే రెండూ మోనో (రెండు చెవులకూ ఒకే శబ్దం), కలిపితే స్టీరియో. నా దృష్టిలో రీఇష్యూ చరిత్రలో ఇంతకు మించిన పని లేదు.

ఆ సీడీ వచ్చిన వారం పెద్దాయన నన్ను ఇంటికి పిలిచాడు. ముందు ఎల్పీ వినిపించాడు, తర్వాత సీడీ. గొన్సాల్వెజ్ దగ్గరకు వచ్చేసరికి శబ్దం నిజంగానే మొహమ్మీదకు వచ్చింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నేనేమీ కల్పించుకోలేదు, చూశావా" అన్నాడు. ఆ మర్నాడే నేనూ ఒకటి కొన్నాను. జాజ్ మీద పెట్టిన మొదటి డబ్బు అదే.

అక్కడినుంచి బీరువా నిండుతూ వచ్చింది. నేను పుట్టకముందు జరిగిన కచేరీలవి కూడా కొంటాను. అక్కడ జ్ఞాపకం ప్రసక్తి లేదు కాబట్టి, కనీసం ఆ గదిలో కూర్చున్నట్టుండాలి. పియానో వాయించే బిల్ ఎవాన్స్ త్రయం 1961 జూన్ 25 ఆదివారం న్యూయార్క్ విలేజ్ వాన్‌గార్డ్‌లో మధ్యాహ్నం, రాత్రి కలిపి ఐదు విడతలు వాయించింది. పదకొండు రోజుల తర్వాత బేస్ వాయించే స్కాట్ లఫారో కారు ప్రమాదంలో పోయాడు. వయసు పాతికే. అప్పట్లో ఏరి రెండు ఎల్పీలు చేశారు. 2005లో వచ్చిన మూడు సీడీల పెట్టెలో ఆ రోజంతా వరసగా ఉంది. మొదటి పాట మధ్యలో కరెంటు పోయి టేపు ఆగిన చోటు కూడా తీసెయ్యలేదు. అమెరికాలో కూడానా అని అది విన్నప్పుడల్లా నాకు ఏదో తృప్తి. గ్లాసుల గలగల, ఎవరో ఆడమనిషి నవ్వు, బల్లల దగ్గర కబుర్లు. పక్కన ఇంత గొప్ప సంగీతం జరుగుతుంటే వీళ్లు తిండి గురించి మాట్లాడుకుంటున్నారు! వాన్‌గార్డ్‌కి నేను చాలాసార్లు వెళ్లాను, సోమవారాలు పెద్ద ఆర్కెస్ట్రా ఉంటుంది. మెట్లు దిగి వెళ్లే నేలమాళిగ, నూటపాతిక మంది కూడా పట్టరు, సబ్‌వే రైలు పోతే కాళ్లకింద తెలుస్తుంది. అక్కడ కూర్చుని వచ్చాక ఆ పెట్టె వింటే గది పొడవు వెడల్పులు కూడా తెలిసినట్టుంటుంది.

కొనేటప్పుడు నేను చూసేది ఒకటే, మునుపు లేనిది ఏం కలిసింది? కొత్త టేపు దొరికిందా, కత్తిరించినది అతికారా, పాటల వరస సరిచేశారా? ఉత్తినే "రీమాస్టర్డ్" (పాత టేపు శబ్దానికి మెరుగులు దిద్దాం) అని మెరుపు కాగితం అంటిస్తే డబ్బు తియ్యకండి. 180 గ్రాముల బరువు అంటూ ఊరించే ఎల్పీలూ అంతే, బరువు రికార్డుది, శబ్దం టేపుది. యూరప్‌లో 1963కి ముందు విడుదలైన రికార్డింగులకు హక్కుల గడువు తీరిపోయింది కాబట్టి ఎవరు పడితే వాళ్లు పాత సీడీల నుంచే ఎక్కించి చవగ్గా అమ్ముతుంటారు. అలాంటిదొకటి ఆన్‌లైన్‌లో తెప్పించి చూస్తే, పాట చివర చప్పట్లు మొదలవగానే కత్తెర వేసేశారు. చప్పట్లు లేని లైవ్ ఎందుకండీ, తాలింపు లేని పప్పు.

మొదలుపెట్టాలనుకుంటే, మన చెవికి దగ్గరగా ఉండేది రిమెంబర్ శక్తి అనే బృందం వాళ్ల "శాటర్డే నైట్ ఇన్ బాంబే". 2000 డిసెంబరులో ముంబైలో రికార్డయింది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకీర్ హుస్సేన్ తబలా, మాండొలిన్ మన పాలకొల్లు శ్రీనివాస్. ఒకరు విసిరింది ఇంకొకరు అందుకోవడం మనకు తెలిసిన పద్ధతే కాబట్టి అక్కడినుంచి జాజ్‌లోకి నడవడం తేలిక.

ఇక అసలు కథ. 2018 మార్చిలో ఈసీఎం కంపెనీ "ఆఫ్టర్ ది ఫాల్" అని రెండు సీడీలు వేసింది. అట్ట తిప్పి చూస్తే న్యూవార్క్, నవంబరు 1998. మా కచేరీ! ఆ రాత్రి రికార్డు చేద్దామని ఎవరూ అనుకోలేదు, ఉన్నది సౌండ్ ఇంజినీరు డాట్ (డిజిటల్ ఆడియో) టేపు ఒక్కటే. అది ఇరవై ఏళ్లు ఎక్కడో పడుకుంది. ఖచ్చితంగా చూస్తే ఇది రీఇష్యూ కాదు, మొదటి విడుదలే. కానీ నా మట్టుకు నాకు, అప్పుడే ఒకసారి ఇష్యూ అయింది.

రెండో సీడీలో శాంటా క్లాజ్ ఉంది. ఫొటో తీసి విశాఖపట్నం కుర్రాడికి పంపాను. (కుర్రాడేమిటి, ఇప్పుడు వాడికీ బట్టతల.) పైకెత్తిన బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. పెద్దాయన ఉంటే బాగుండేది, ఆయన 2011లోనే పోయారు.

అక్కడితో నా విజయం అయిపోయింది. ఇరవై ఏళ్లుగా నేను చెప్పుకునే కథలో చివరి పాట "ఆటమ్ లీవ్స్". అది విని బయటికొచ్చి ఇద్దరం రాలిన ఆకుల మీద నడుస్తూ కారు దగ్గరకు వెళ్లామని ఎంతమందికి చెప్పానో. సీడీలో చూస్తే అది మొదటి డిస్క్ చివర్లో ఉంది, అంటే విరామానికి ముందు. ఆఖరుది "వెన్ ఐ ఫాల్ ఇన్ లవ్". ఆకులు నిజమే, పాట నేను జరిపి పెట్టుకున్నది. పెద్దాయన సీడీ ఆయన పక్షాన సాక్ష్యం చెప్పింది, నాది సగమే చెప్పింది.

ఆ సీడీలు వచ్చిన 2018లోనే జారెట్‌కి రెండుసార్లు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. పీకాక్ 2020లో, డిజానెట్ 2025లో వెళ్లిపోయారు.

శాంటా క్లాజ్ పాట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, నా దగ్గు కోసం. ఒకచోట దూరంగా ఏదో వినపడినట్టు అనిపించింది. మా ఆవిణ్ణి పిలిచి చెవికి పెట్టి వినిపించాను. రెండుసార్లు జాగ్రత్తగా విని, హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టి, "మీ దగ్గు నాకు తెలీదా, అది మీది కాదు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.