తాళం చెవి ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: మా టెంపో ట్రావెలర్‌ను క్యారవాన్‌గా మార్పించి, ఆ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించాం. ప్రయాణాలు లేనప్పుడు హైదరాబాద్ శివార్లలోని ఒక యార్డులో నెల అద్దెకు ఉంచుతున్నాం. బండిని అవసరాన్నిబట్టి పక్కకు జరపాలంటూ తాళం వాళ్లే తీసుకున్నారు. గత నెల వెనుక అద్దం పగలగొట్టి ఇన్వర్టర్ బ్యాటరీ, గ్యాస్ స్టవ్, కెమెరా, బియ్యం డబ్బాలో దాచిన బంగారు గొలుసు ఎత్తుకుపోయారు. ‘వాహనంలోని వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు’ అని రసీదు వెనుక ఉందంటూ యార్డువాళ్లు చేతులెత్తేశారు. మాకు దారేమిటి?

జవాబు: రసీదు వెనుక ఉన్న ఆ వాక్యాన్ని చూసి వెనక్కి తగ్గనవసరం లేదు. కేవలం స్థలం అద్దెకిచ్చి, తాళం మీ దగ్గరే ఉంచితే యార్డు బాధ్యత పరిమితమే. కానీ తాళం తీసుకుని బండిని తమ స్వాధీనంలో ఉంచుకున్నప్పుడు అది కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్ చెప్పే ‘బెయిల్‌మెంట్’ (తిరిగి ఇవ్వాలన్న ఒప్పందంపై వస్తువును అప్పగించడం) అవుతుంది, 151వ సెక్షన్ ప్రకారం మామూలు వివేకం గల మనిషి తన సొత్తును చూసుకునేంత జాగ్రత్త వాళ్లు తీసుకోవాలి. 1998లో ఢిల్లీలో ఒక హోటల్ సిబ్బందికి అప్పగించిన మారుతి జెన్ చోరీ అయిన కేసులో, ‘యజమాని రిస్కుపైనే’ అన్న షరతు సొంత నిర్లక్ష్యం నుంచి హోటల్‌ను కాపాడదని సుప్రీంకోర్టు 2019లో తీర్పిచ్చింది. ఆ కేసులో పోయింది కారు, మీకు పోయింది లోపలి సామాను. అయినా క్యారవాన్‌లో స్టవ్వూ బ్యాటరీ ఉంటాయని ఎవరైనా ఊహించగలరు కనుక ఆ సూత్రాన్ని వాటికీ వర్తింపజేయాలని గట్టిగా వాదించవచ్చు.

ముందుగా ఎఫ్ఐఆర్ సంగతి చూడండి. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చునని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 173వ సెక్షన్ చెబుతోంది. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)లో చోరీకి సంబంధించిన 303వ సెక్షన్‌తోపాటు, ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న 305ను కూడా చేర్చమని కోరండి. నివాసంగా వాడే ‘భవనం, గుడారం, నౌక’ అని ఆ సెక్షన్ అంటుంది తప్ప చక్రాల మీది ఇంటి ఊసెత్తదు. అయితే ప్రయాణికుల రవాణాకు వాడే వాహనంలోంచి జరిగే చోరీ అందులోనే విడిగా ఉంది, మీ వాదన దాని మీద నిలబడాలి.

అదే రోజు సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని యార్డుకు లిఖితపూర్వకంగా తెలియజేసి, ముట్టిన తేదీతో సంతకం తీసుకోండి. ఆలస్యమైతే పాత రికార్డింగుపై కొత్తది పడిపోతుంది. తరువాత లాయర్ నోటీసు, స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. గడువు రెండేళ్లు, మీరు నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు.

బీమాపై ఎక్కువ ఆశ పెట్టుకోకండి. మామూలు మోటారు పాలసీ బండికీ దాని ఉపకరణాలకూ వర్తిస్తుంది గానీ సొంత సామానుకు కాదు. దానికి విడిగా యాడ్-ఆన్ తీసుకున్నా, నగదునూ నగలనూ సాధారణంగా మినహాయిస్తారు. బిగించి ఉన్న బ్యాటరీ మాత్రం ఉపకరణంగా పాలసీలో నమోదై ఉందేమో చూడండి.

ఇకపై బండి అప్పగించే ప్రతిసారీ సామాను జాబితా రాసి, ఫొటోలు, సీరియల్ నంబర్లు జతచేసి యార్డు సంతకం తీసుకోండి. డబ్బాలోని గొలుసు విషయంలో యార్డుపై మీ దావా బలహీనమే, అది అక్కడుందని వాళ్లకు తెలిసే అవకాశం లేదు. అయినా దాన్ని ఎఫ్ఐఆర్‌లో వదలకండి. పోలీసులకు దొరికితే, కేసు దశను బట్టి బీఎన్ఎస్ఎస్ 497 లేదా 503 కింద మేజిస్ట్రేట్‌ను కోరి తెచ్చుకోవచ్చు. బిల్లు లేకపోతే, అది మీ ఇంటివారి మెడలో స్పష్టంగా కనిపించే పెళ్లి ఫొటో ఒకటి వెతికి ఉంచండి.